మొటిమలకు ప్రార్థన నూనె

పదహారేళ్లకు మొటిమలొస్తే వయసొచ్చిందంటారు. ముప్పైమూడేళ్లకొస్తే మాత్రం చూసినవాళ్లందరూ డాక్టర్లయిపోతారు. ఆ ఏడు కర్నూలులో నాకు వైద్యం చెప్పని మనిషి లేదంటే నమ్మండి. కోడుమూరు బస్సులో టికెట్లు కొట్టే కండక్టరమ్మ వేపాకు నూరి పట్టించమంది. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె, ఒంట్లో వేడి చేసిందనీ బుడ్డలు తినడం మానెయ్యమనీ చెప్పింది. బుడ్డలంటే వేరుశనగలు, మా కడపలో చెనిక్కాయలంటాం. పచ్చట్లోకి, కూరలోకి, ఊరికే నోట్లోకి బుడ్డలు పడకుండా ఈ సీమలో ఎలా బతకాలో మాత్రం ఆమె చెప్పలేదు. కడప నుంచి మా అమ్మ ఫోనులో ముల్తానీ మట్టి అంది. మట్టి పూశాను, వేపాకు నూరాను, వారం రోజులు బుడ్డలు కూడా మానేశాను. మొటిమలు నన్ను చూసి నవ్వుకున్నట్టుంది, ఇంకో నాలుగు చుట్టాలను పిలుచుకొచ్చాయి.

నేను సిగ్గుపడి మొహం దాచుకునే రకం కాదు. ఏడో తరగతి ఆడపిల్లలు మొదటి రోజే పట్టేశారు. ఒకమ్మాయి లేచి, "టీచర్, మీకు గూడా వస్తాయా ఇవి?" అని సంబరంగా అడిగింది. ఆ పిల్ల నుదుటి నిండా అవే. "ఏం, టీచర్లకు చర్మం ఉండదా?" అన్నాను. క్లాసంతా నవ్వారు. ఆ తర్వాత ఇంటర్వెల్లో ఆ పిల్లలు నా చుట్టూ చేరి వాళ్లవీ నావీ పోల్చుకునేవాళ్లు.

కాకపోతే నావి పిల్లలకొచ్చేలాంటివి కావు. దవడ వెంబడీ, గడ్డం కిందా లోపల గట్టిగా గడ్డకట్టి, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. దిండు మీద చెంప ఆనిస్తే నిద్ర రాదు. ఒకటి మానేలోగా దాని పక్కన ఇంకొకటి. మానినచోట నల్లటి మచ్చ.

నొప్పినైనా ఓర్చుకున్నాను గానీ ఒక సలహా వింటే మాత్రం ఒళ్లు మండేది. "ఆ మందులన్నీ మానేసి ఇంకొక బిడ్డను కనేయ్, మొగం అదే తేటగయితాది." పొరుగింటామె అన్నది, స్టాఫ్‌రూములో అన్నారు, చివరికి మా అమ్మ కూడా అన్నది. కందకు లేని దురద కత్తిపీటకెందుకో నాకు అర్థమయ్యేది కాదు. నాకు ఒక్కతే కూతురు. ఒక్కతే చాలని నేనూ మా ఆయనా దాన్ని బడిలో వేసిన ఏడే అనుకున్నాం. కష్టమైన కాన్పేమీ కాదు, డబ్బుకు ఇబ్బందీ లేదు. నాకు చాలనిపించింది, అంతే. దానికి ఇంతకంటే పెద్ద కారణం కావాలని నేననుకోను. ఇప్పుడు నా మొహం మీద లేచిన ఆ గడ్డలు, నా నిర్ణయం తప్పని ఊరంతటికీ సాక్ష్యం చెబుతున్నట్టయింది.

అసలు సంగతి వేరే. పాపకు పాలు మాన్పించినప్పటి నుంచీ నేను పిల్లలు కాకుండా మాత్రలు వేసుకునేదాన్ని. ఆ నాలుగేళ్లూ నా మొహం గాజుపలకలా ఉండేది. తర్వాత తలనొప్పులు మొదలయ్యాయి. సగం తల, దానికి ముందు కళ్ల ఎదుట మిణుకుమిణుకుమంటూ వంకరగీతలు. బోర్డు మీద రాస్తూ ఉంటే సగం అక్షరాలు మాయమైపోయేవి. ఆడవాళ్ల డాక్టరమ్మ వినగానే ఆ మాత్రలు ఆపించేసింది. ఇలాంటి తలనొప్పి ఉన్నవాళ్లకు ఆ మాత్రలతో పక్షవాతం భయం పెరుగుతుందట. దాని బదులు మూడు నెలలకొకసారి వేసే సూది చెప్పింది. వేయించుకున్నాను. తలనొప్పులు తగ్గాయి. దసరా సెలవులకు మొహం పొంగడం మొదలైంది.

ఈ సంగతులు మా అత్తకు చెప్పే పని మా ఆయనది. ఒప్పందం అదే. మా అత్త మాతోనే ఉంటుంది. కోడుమూరు పక్క పల్లెలో కూలికి పోయి పిల్లల్ని పెంచిన మనిషి, తెల్లవారుజామున లేచి ప్రార్థన చేసుకున్నాకే నీళ్లయినా ముట్టేది. ఆమెతో కొడుకు మాట్లాడితేనే మర్యాదగా ఉంటుందని నేనే అన్నాను.

"మీ అమ్మకు చెప్పినావా?" అని ఒకరోజు అడిగాను.

"ఆ, మాట్లాడినాలే," అన్నాడు మా ఆయన, నాపబండలు అమ్మే తన షాపుకు పోతూ చెప్పులు తొడుక్కుంటూ.

నేను నమ్మాను. నమ్మడానికి కారణం కూడా ఉంది. ఇంకో బిడ్డను కనమన్న మాట ఊరంతా అన్నా, మా అత్త మాత్రం ఒక్కనాడూ అనలేదు. పైగా సూది వేసుకున్నాక నాకు నెలసరి ఆగిపోయింది, అది మామూలేనని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆ రోజుల్లో మా అత్త నన్ను నీళ్ల బిందె ఎత్తనిచ్చేది కాదు. "నువ్వు కూసో పాపా, నేను తెస్తా" అనేది. బండ్ల మీద మామిడికాయలు రాకముందే ఎక్కడో వెతికి తెచ్చి, ఉప్పూకారం అద్ది చేతిలో పెట్టేది. ఎంత మంచి అత్త దొరికిందని స్టాఫ్‌రూములో గొప్పలు చెప్పుకున్నాను.

క్రిస్మస్ అయ్యాక నూనె మొదలైంది. ప్రతి శుక్రవారం మా చర్చిలో స్త్రీల కూడిక జరుగుతుంది. మనసులో భారమున్నవాళ్లు పైకి చెప్పుకుంటారు, అందరూ కలిసి ప్రార్థన చేస్తారు, పాస్టరమ్మ చిన్న సీసాలో కొబ్బరినూనె ప్రార్థించి ఇస్తుంది. ఎవరికి బాగలేదో వాళ్లకు ఇంట్లోవాళ్లు రాస్తారు. కీళ్లనొప్పికి మోకాలికి, జ్వరానికి నుదుటికి. మా అత్త ఆ సీసా తెచ్చి, రోజూ పొద్దున నేను బడికి బయల్దేరే ముందు గుమ్మం దగ్గర నిలబెట్టి, రెండు చెంపలకూ గడ్డానికీ రాసేది. కళ్లు మూసుకుని పెదవులు కదిలించేది. ఆమె కళ్ల వెంట నీళ్లు కారేవి.

నా మొటిమల కోసం ఒక మనిషి అంతలా ఏడవడం నాకు కొంచెం ఎక్కువే అనిపించింది. కానీ అలా ఏడుస్తున్న మనిషిని "వద్దత్తా" అనడానికి నోరెట్లా వస్తుంది? కోడుమూరు బస్సెక్కి సీటు దొరకగానే తడిగుడ్డతో మొహం తుడుచుకునేదాన్ని. అప్పటికే సగం నూనె చర్మంలోకి దిగిపోయేది.

సంక్రాంతి సెలవుల తర్వాత చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆమె నా దవడను వెలుతురుకు తిప్పి చూసి, ముందు అడిగిన ప్రశ్న, "పిల్లలు కాకుండా ఏమైనా వాడుతున్నారా?" అని. అంతమంది డాక్టర్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే. చెప్పాను.

"అదే సంగతి. ఆ మాత్రలు ఇన్నాళ్లూ మీ మొటిమలను అణిచిపెట్టాయి. అవి ఆపగానే లోపలున్నది బయటికొచ్చింది. ఆ సూది మందు కొందరికి మొటిమలను ఇంకా పెంచుతుంది. వేడీ కాదు, బుడ్డలూ కాదు," అంది.

నాకు లేచి ఆమె చేతులు పట్టుకోవాలనిపించింది. బుడ్డలకు నిర్దోషులని తీర్పొచ్చింది.

"మొహానికి ఏం రాస్తున్నారు? మెడికల్ షాపులో ఇచ్చే ట్యూబులేమైనా?"

"ట్యూబులు లేవు మేడమ్. నూనె."

"మొహానికి నూనెనా? ఏం నూనె?"

"ప్రార్థన నూనె."

ఆమె పెన్ను పక్కన పెట్టింది. నవ్వలేదు, అందుకు ఇప్పటికీ ఆమె అంటే నాకు గౌరవం. "ప్రార్థన చేయించుకోండమ్మా, మంచిదే. నూనె మాత్రం తలకు రాయించుకోండి," అంది. తర్వాత రాత్రిపూట పలచగా రాసుకునే జెల్, పొద్దున మందు కలిపిన ఫేస్‌వాష్, ఎండకు క్రీము రాసిచ్చింది. మొదటి వారాల్లో చర్మం పొట్టు లేస్తుందని, భయపడి మానెయ్యొద్దని, తేడా తెలియడానికి మూడు నెలలైనా పడుతుందని చెప్పింది. జెల్ గురించి చెబుతూ తలెత్తి, "గర్భం వస్తే ఇది వాడకూడదు. ఇంకో బిడ్డ ఆలోచన ఉందా?" అని అడిగింది.

"లేదు," అన్నాను. ఆ మాట పైకి ఒక కొత్త మనిషితో అంత తేటగా అనడం నాకదే మొదలు. అనగానే భుజాలు తేలికయ్యాయి. ఇంట్లో గుమ్మం దగ్గర, నూనె వద్దని మాత్రం అత్తతో అనలేకపోయాను, రోజూ రాయించుకుంటూ, తుడుచుకుంటూనే ఉన్నాను.

తర్వాతి సూది వేయించుకోవాల్సిన సమయానికి మళ్లీ ఆడవాళ్ల డాక్టరమ్మ దగ్గరికి పోయి కాపర్-టీ వేయించుకున్నాను. మా అత్త కాలంవాళ్లు లూపు అనేవాళ్లు దాన్ని. అందులో హార్మోను ఏదీ లేదు, తలనొప్పికీ మొహానికీ దానితో పేచీ లేదు. వేసేటప్పుడు పొత్తికడుపు పిండినట్టయింది. మా ఆయన ఆటోలో చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. పాత సూది ప్రభావం పోవడానికి నెలలు పట్టింది. పోయాక నెలసరి తిరిగొచ్చింది, మునుపటికంటే ఎక్కువగానే. కడుపు పట్టుకుని పడుకున్న నన్ను చూసి మా అత్త, "వచ్చేసిందా పాపా?" అంది. "వచ్చింది," అన్నాను. వాము నీళ్లు కాచి ఇచ్చి, పెరట్లోకి పోయి కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. నా కడుపునొప్పికి కూడా ఏడ్చే అత్త! దేవుడా, ఈ జన్మకు ఈమె ఋణం తీర్చుకోలేను అనుకున్నాను.

ఎండాకాలం సెలవులొచ్చాయి. కర్నూలు ఎండ సంగతి చెప్పేదేముంది, పొద్దున పదికే గోడలు కాలుతుంటాయి. జెల్ పని చేయడం మొదలైంది. కొత్తవి రావడం తగ్గి, పాతవి చదునవుతున్నాయి. మచ్చలున్నాయి గానీ దవడ మీద చెయ్యి వేసి పడుకోగలుగుతున్నాను. బడి లేదు కాబట్టి ఒక శుక్రవారం, "నేను గూడా వస్తా అత్తా కూడికకు," అన్నాను. మా అత్త మొహం ఒక్క క్షణం వాడిపోయింది. "ఈ ఎండలో నీకేంటికి పాపా," అంది. పాపం, నా మీద ప్రేమ అనుకుని బయల్దేరాను.

చర్చి వెనక గదిలో చాపల మీద ముప్పై మంది దాకా ఆడవాళ్లు. ఫ్యాను వేడిగాలిని అటూఇటూ తిప్పుతోంది. పాటలయ్యాయి. పాస్టరమ్మ కళ్లు మూసుకునే, "పోయిన వారం పెట్టిన ప్రార్థనలు మరిచిపోవద్దండమ్మా," అని ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చింది. ఒకామె అల్లుడి తాగుడు. ఒకామె మోకాళ్లు. ఆ తర్వాత, "మన సహోదరి కోడలు, టీచరమ్మ. ఒక బిడ్డ తర్వాత గర్భం మూసుకుపోయింది. దేవుడు ఆ గర్భం తెరవాలని క్రిస్మస్ నుంచీ భారంతో ప్రార్థిస్తాండాము."

"ఆమెన్," అన్నారు ముప్పై మందీ.

నేను కళ్లు తెరిచి చూశాను. నా పక్కనే మా అత్త తల వంచుకుని చాప పుల్లలు గిల్లుతోంది. ముందు వరసలో ఒకామె వెనక్కి తిరిగి నా వైపు చూసింది. ఎంత జాలి ఆ కళ్లల్లో! నాకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. లేచి అరవాలనిపించింది. అరవలేదు, ప్రార్థన మధ్యలో అరిస్తే దానికి కూడా ఒక నూనె సీసా ఇస్తారని భయం.

ఇంట్లోకి రాగానే చెప్పులు కూడా విప్పకుండా అడిగాను.

"గర్భం మూసుకుపోయిందని నీకెవురు చెప్పినారు అత్తా?"

"ఎవురూ చెప్పలే."

"మల్ల?"

"వాన్నడిగినా. ఏమిరా, ఇంగ బిడ్డలు యాపొద్దు అని. అంతా దేవుని చిత్తం మా అన్యాడు. మొగం గూడా పక్కకు తిప్పుకున్యాడు. అప్పుడే నాకర్థమైపాయ, ఏందో కాకుండా పోయిందని. నీకు మనసు కష్టమైతాదని నీ ముందర ఒక్కపొద్దు గూడా ఎత్తలేదు పాపా."

దేవుని చిత్తం! అదీ మా ఆయన మాట్లాడిన మాట. తల్లితో నిజం చెప్పలేక, అబద్ధం చెప్పే ధైర్యం లేక, మధ్యలో దేవుణ్ణి నిలబెట్టి షాపుకు పోయాడు. మా ఇళ్లల్లో ఆ మాట ఎప్పుడంటారు? పంట ఎండితే అంటారు, మనిషి పోతే అంటారు. ఆమె ఏం అర్థం చేసుకుంటుంది మరి?

"సరే, కడుపు కోసరం ప్రార్థన చేసిన నూనె నా మొగానికి ఎందుకు రాసినావ్?"

"కడుపుకు రాస్తానంటే నువ్వు రాయనిస్తావా?" అని ఎదురడిగింది. "మొగానికి గుల్లలొచ్చినాయి గదా, దేవుడే దారి చూపించినాడనుకుంటి. ఆయప్పకు తెలీదా, యాడ రాస్తే యాడికి పోవల్లో?"

కోపం నా గొంతు దాకా వచ్చి అక్కడే నవ్వయిపోయింది. ఇన్ని నెలలు నేను డాక్టరుకు డబ్బులు కట్టి మొటిమలు మాన్పుకుంటుంటే, ఈమె రోజూ పొద్దున వాటికి నూనె పోసి, మనవడి కోసం ఉత్తరం పెట్టినట్టు పంపింది. నేను నెల తప్పాననుకుని మోసిన ఆ నీళ్ల బిందెలు, ఆ మామిడికాయలు, కాదని తెలిసి పెరట్లో ఏడ్చిన ఏడుపు, అన్నీ ఒక్కొక్కటే నా కళ్ల ముందు తిరిగాయి. నేను పడీపడీ నవ్వుతుంటే ఆమె బిత్తరపోయి చూసింది.

అప్పుడు చెప్పాను. మాత్రలు, సూది, ఇప్పుడు లూపు, మొహానికి నూనె వద్దన్న డాక్టరు మాట. "మూసుకుపోలేదు అత్తా. నేనే మూసుకున్నా. నాకు ఒక్కతే చాలు. ఇది దేవుని చిత్తం గాదు, నా చిత్తం."

ఆమె గడప మీద కూర్చుంది. తిడుతుందనుకున్నాను, తిడితే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

"నేను శుక్రవారం శుక్రవారం ఉపవాసముండినా పాపా," అంది చివరికి. "కావాలని ఆపుకున్నావని ఒక్క మాట చెప్పింటే, ఇంత ఏడ్చింటానా? బిడ్డలు కాలేదని నువ్వు లోలోపల కుమిలిపోతాండావేమో అని నేను పడిన బాధ నీకేం తెలుసు."

ఆమె నన్ను బిడ్డను కనమని సతాయించలేదు. నా కోసం దుఃఖపడింది, అంతే. నాకు ఏడుపొచ్చింది. పోయి పక్కన కూర్చున్నాను.

"నన్ను యాపొద్దూ ఎవురూ అడగలే," అంది ఆమె వీధి వైపు చూస్తూ. "ఇద్దరైనాక నాకూ చాలనిపించ. ఎవురితో చెప్పల్ల? యాడికి పోవల్ల? ఐదు మందిని కంటి, ఇద్దరు పాయిరి." ఆ పోయిన ఇద్దరి సంగతి ఆమె నోట నేను వినడం అదే మొదలు.

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చేసరికి ఇద్దరం గడప మీదే ఉన్నాం. "ఏమప్పా దేవుని చిత్తం, వచ్చినావా?" అన్నాను. పాపం, ఇప్పటికీ ఆ పేరు పోలేదు ఆయనకు.

తర్వాతి వారమంతా మా అత్త నాకు నూనె రాయలేదు. దాని గురించి మాట్లాడనూ లేదు. శుక్రవారం పొద్దున తలదువ్వుకుని, "నువ్వు గూడా రా పాపా," అంది. నాకు భయమేసింది. ఆ జాలి కళ్ల మధ్య మళ్లీ కూర్చోవడం నా వల్ల కాదనుకున్నాను. అయినా పోయాను, మచ్చల మొహానికి పౌడరు కూడా వేయకుండా.

పాటలయ్యాక సాక్ష్యాలు. మా దగ్గర ప్రార్థన నెరవేరినవాళ్లు లేచి నిలబడి చెప్పాలి. కొంగు తల మీదికి లాక్కుని మా అత్త లేచింది. పాస్టరమ్మ మొహం వెలిగిపోయింది. ముప్పై జతల కళ్లూ ఒక్కసారిగా నా కడుపు మీదికి దిగాయి.

"ప్రభువుకు స్తోత్రం," అంది మా అత్త. "మా కోడలి కడుపు కోసరం మీరందరూ శానా ప్రార్థన చేసినారు. ఇంగ ఆపేయండమ్మా. ఆయమ్మకు జబ్బేమీ లేదు. ఒక్క బిడ్డే చాలని ఆయమ్మే అనుకునింది."

వెనక నుంచి ఎవరో, "ఆయమ్మ అనుకుంటే సరా? నీకు మనవడు వద్దా?" అన్నారు.

"నా కాలంలో నన్ను అడిగినోళ్లు లేరు," అంది మా అత్త. "నేను నా కోడల్ని అడిగినా. చాలనింది. చాలంటే చాలే." కూర్చోబోయి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ లేచింది. "ప్రార్థన చేయల్లంటే ఆయమ్మ మొగం కోసరం చేయండి. నూనె మాత్రం వద్దంట, డాక్టరు చెప్పినాది."

పాస్టరమ్మ కాసేపు నా వైపు, కాసేపు మా అత్త వైపు చూసింది. తర్వాత కళ్లు మూసుకుని చేతులు జోడించింది. నేనూ కళ్లు మూసుకున్నాను. ఇన్ని నెలల తర్వాత ఆ శుక్రవారం, మొదటిసారి, నిజంగా నా మొటిమల కోసమే ప్రార్థన జరిగింది.